ఫ్రిజ్ కింద నీటి మడుగు: దారి తప్పిన నీటిని ఇంట్లోనే సరిచేసుకునే పద్ధతి

అనంతపురంలో ఆరేళ్లపాటు ఒక్క చుక్క కార్చని మా ఫ్రిజ్, చెన్నైలోని వేళచ్చేరికి వచ్చిన మొదటి కార్తీకంలోనే వంటింటి నేలను తడిపేసింది. లారీ ప్రయాణంలో ఎక్కడో దెబ్బ తగిలిందని మేము అనుకున్నాం. చూడడానికి వచ్చిన మెకానిక్ గ్యాస్ లీకయిందని, మళ్లీ నింపాలని చెప్పాడు. రెండూ నిజం కావని తేలడానికి ఒక ఆదివారం పట్టింది. కూరగాయల పెట్టె వెనక, చిటికెన వేలు కూడా పట్టని రంధ్రంలో ఒక కొత్తిమీర కాడ ఇరుక్కుని, దాని చుట్టూ దోసెపిండి పేరుకుని గట్టిపడి ఉంది. ఆ అడ్డు అనంతపురంలోనే మొదలై ఉండవచ్చు. అక్కడి పొడిగాలిలో ఆ రంధ్రం దాకా వచ్చే నీరే తక్కువ కాబట్టి మాకు దాని సంగతి తెలియలేదు.

గ్యాస్ మాటను ముందే తేల్చుకోవడం మంచిది. ఫ్రిజ్‌లోని గ్యాస్ బయటికి వస్తే గాలిలో కలిసిపోతుందే తప్ప నీరుగా మారి నేల మీద నిలవదు. గ్యాస్ పోయినప్పుడు మొదట తగ్గేది చల్లదనం. లోపల పాలు, పెరుగు ఎప్పటిలాగే చల్లగా ఉండి, నేల మాత్రమే తడుస్తోందంటే గ్యాస్ నింపించుకోవలసిన పని లేదు.

ఆ నీరు ఎక్కడిది?

నీటి గొట్టం కలపని మామూలు ఫ్రిజ్‌లో కనిపించే నీరంతా గాలి నుంచి, లోపల పెట్టిన పదార్థాల నుంచి వచ్చినదే. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న చెన్నై గాలిలో ఘనమీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. వేసవిలో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న రాయలసీమ గాలిలో అది సుమారు 10 గ్రాములే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల దగ్గర గాలి 6 గ్రాముల కంటే కొంచెం ఎక్కువ మాత్రమే పట్టుకోగలదు కాబట్టి, మిగిలినదంతా చల్లని గోడ మీద చెమ్మగానో మంచుగానో మారక తప్పదు. తలుపు తెరిచిన ప్రతిసారీ వంద లీటర్ల గాలి మారుతుందనుకుని, రోజుకు నలభై సార్లు తెరుస్తామనుకుంటే, చెన్నైలో దాదాపు 70 గ్రాముల నీరు లోపల చేరుతుంది. అనంతపురం వేసవిలో చేరేది 15 గ్రాములే. మూతలేని సాంబారు గిన్నె, కడిగి తడి ఆరకుండా పెట్టిన ఆకుకూరలు దీనికి అదనం.

ఈ నీటికి తయారీదారులు ఒక దారి ఏర్పాటు చేస్తారు. చల్లని గోడ మీద కట్టిన మంచు కరిగి కింద ఉన్న చిన్న కాలువలోకి జారుతుంది, అక్కడి రంధ్రం గుండా వెనకవైపు గొట్టంలోకి దిగుతుంది, గొట్టం దానిని కంప్రెసర్ మీదనో పక్కనో ఉన్న ట్రేలో పోస్తుంది, కంప్రెసర్ వేడికి అది ఆవిరైపోతుంది. కాలువ, రంధ్రం, గొట్టం, ట్రే అనే ఈ నాలుగింటిలో ఎక్కడ దారి తెగిందో కనిపెట్టడమే మన పని. కనిపెట్టకుండా ఏ భాగాన్నీ మార్చకూడదు.

పని మొదలుపెట్టే ముందు

ప్లగ్‌ను సాకెట్ నుంచి పూర్తిగా బయటికి తీయండి. స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్లలో కొన్నిచోట్ల స్విచ్‌ను న్యూట్రల్ తీగ మీద కలిపి ఉంటారు, అప్పుడు స్విచ్ ఆపినా 230 వోల్టులు ఫ్రిజ్ దాకా వస్తూనే ఉంటాయి. నీరు ప్లగ్ లేదా స్టెబిలైజర్ దాకా పాకి ఉంటే వాటిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపి, నేల తుడిచి, పొడి చెప్పులు వేసుకుని అప్పుడు ప్లగ్ తీయండి. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి ఫ్రిజ్ వెనక చేయి పెట్టడం ప్రాణాపాయమని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, చెప్పి ఉంచాలి.

రెండో జాగ్రత్త మంచు గురించి. ఎంత తొందర ఉన్నా కత్తితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ మంచును పొడవకండి. మంచు వెనక ఉండేది పలుచని లోహపు గొట్టం, దానిలో ఉండేది గ్యాస్. కంప్రెసర్ మీద లేదా ఫ్రిజ్ వెనక లేబుల్ మీద ఆర్-600ఏ అని రాసి ఉంటే అది ఐసోబ్యుటేన్, అంటే వంటగ్యాస్ జాతికి చెందిన మండే వాయువు. వంటగ్యాస్‌లా దానికి వాసన కలపరు కాబట్టి ముక్కుకు తెలియదు. పొరపాటున గొట్టానికి చిల్లు పడి బుస్సుమని శబ్దం వస్తే ఏ స్విచ్‌నూ ముట్టుకోకుండా, పొయ్యి వెలిగించకుండా, కిటికీలు తెరిచి బయటికి రావాలి.

కావలసిన సామాను ఇంట్లో చాలామటుకు ఉంటుంది: పాత దుప్పటి, రెండు తువ్వాళ్లు, టార్చి, స్టార్ స్క్రూడ్రైవర్, వంటసోడా. మందుల దుకాణంలో 50 మిల్లీలీటర్ల సిరింజి ఒకటి, సెలైన్ ఎక్కించే గొట్టం ఒకటి కొనండి. సూది అవసరం లేదు. చెన్నైలో దుకాణదారుతో "ఊసి వేండాం" అంటే చాలు.

మొదటి అడుగు: నీరు ఎక్కడ నిలుస్తోందో చూడడం

నేల తుడిచి, ఫ్రిజ్ కింద నాలుగు మూలలా పాత వార్తాపత్రిక పరిచి, ప్లగ్ మళ్లీ పెట్టి ఒక రాత్రి మామూలుగా నడవనివ్వండి. తెల్లవారాక ఏ కాగితం తడిసిందో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. కూరగాయల పెట్టె కింద నీరు నిలిచి, అక్కడి నుంచి తలుపు అంచు మీదుగా ముందుకు కారుతుంటే రంధ్రం పూడుకుంది. లోపల పొడిగా ఉండి వెనకవైపు మాత్రమే తడిస్తే ట్రే నిండి పొర్లుతోంది, లేదా పగిలింది, లేదా గొట్టం ట్రే నుంచి పక్కకు జరిగింది. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పై ఫ్రీజర్ అడుగున గాజుపలకలా మంచు కట్టి, కింది అరలోకి పైనుంచి చుక్కలు పడుతుంటే ఫ్రీజర్ గోడ వెనక రంధ్రం గడ్డకట్టింది. తలుపు బయటివైపు, పక్క రేకుల మీద చెమటలా పట్టి కారుతుంటే ఫ్రిజ్‌లో లోపం లేకపోవచ్చు. దాని సంగతి తరువాత చెబుతాను.

నీటిని వేలితో తాకి వాసన కూడా చూడండి. పులిసిన పిండి వాసన వస్తే లోపల ఏదో పొంగిందని అర్థం. నీటిలో నూనె జిడ్డు ఉండి, చల్లదనం కూడా తగ్గి ఉంటే కంప్రెసర్ వైపు అనుమానించి అక్కడితో ఆగి మెకానిక్‌ను పిలవాలి.

రెండో అడుగు: ట్రే

అన్నిటికంటే సులభమైన పని ఇదే, కాబట్టి ముందు ఇదే చేయండి. ఫ్రిజ్ ఆపి అరగంట ఆగండి, కంప్రెసర్ చేయి కాలేంత వేడిగా ఉంటుంది. తరువాత ఫ్రిజ్‌ను నెమ్మదిగా ముందుకు జరిపి వెనక అడుగున చూడండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ప్లాస్టిక్ ట్రే సాధారణంగా చేత్తో లాగితే వస్తుంది; డబుల్ డోర్‌లో స్క్రూతోనో గుబ్బతోనో బిగించి ఉంటుంది. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వంటి సముద్రపు ఒడ్డు ప్రాంతాల్లో ఈ స్క్రూలు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉంటాయి, బలవంతం చేస్తే ట్రే చెవి విరుగుతుంది. ఒక చుక్క కొబ్బరినూనె వేసి పది నిమిషాలు ఆగి తిప్పండి.

ట్రేను కడిగి, ఆరబెట్టి, కాగితం మీద పెట్టి నీరు నింపి గంట చూడండి. పగులు ఉంటే కాగితం చెబుతుంది. ఎం-సీల్ వంటి రెండు ముద్దలు కలిపే పదార్థంతో తాత్కాలికంగా పూడ్చవచ్చు, రాత్రంతా ఆరనివ్వాలి. కొత్త ట్రే దొరికితే మార్చడమే మేలు. పగులు లేకపోతే గొట్టం చివర సరిగ్గా ట్రే లోపలికి వంగి ఉందో లేదో చూడండి. ఇల్లు మారినప్పుడు, వెనక ఊడ్చినప్పుడు ఈ గొట్టం ఊడిపోవడం చాలా మామూలు. మళ్లీ తొడిగితే సమస్య తీరిపోయిన ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది, ఫ్రిజ్ ట్రే దానికి ఎంతో అనువైన చోటు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. చెన్నైలో ఇంటింటికీ వచ్చి నీటి నిలవలను తనిఖీ చేసే డొమెస్టిక్ బ్రీడింగ్ చెకర్లు ఫ్రిజ్ వెనక టార్చి వేసి చూసేది అందుకే. వారానికి ఒకసారి ట్రే నీరు పారబోయాలి; గుడ్లు ట్రే గోడకు అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతకగలవు కాబట్టి పీచుతో తోమి కడగాలి.

మూడో అడుగు: సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో రంధ్రం శుభ్రం చేయడం

ట్రే బాగానే ఉంటే దారి పైన ఎక్కడో మూసుకుంది. చెన్నై ఇళ్లలో దీనికి ఎక్కువగా కారణమయ్యేవి ఇడ్లీ, దోసెపిండి, కరివేపాకు, కొత్తిమీర. ఫ్రిజ్‌లో పెట్టాక కూడా చల్లబడేదాకా పిండి కొంతసేపు పొంగుతూనే ఉంటుంది. అంచు దాటి వెనక గోడ మీదుగా జారిన పిండి కాలువలో చేరి, రంధ్రం దగ్గర జిగురులా పట్టి, రాలిన ఆకునల్లా అంటించుకుంటుంది. మా అత్తగారు ఇప్పుడు పిండిగిన్నెను మూడొంతులకు మించి నింపరు, కింద పళ్లెం లేనిదే పెట్టరు.

కూరగాయల పెట్టెను, దాని మీది గాజుపలకను బయటికి తీయండి. వెనక గోడ అడుగున, రెండువైపుల నుంచి మధ్యకు వాలిన కాలువ, దాని మధ్యలో రంధ్రం కనిపిస్తాయి. చాలా ఫ్రిజ్‌లలో ఆ రంధ్రంలో చిన్న ప్లాస్టిక్ పుల్ల గుచ్చి ఉంటుంది. అది పనికిరాని ముక్క కాదు, చెత్త లోపలికి పోకుండా ఆపడానికి, రంధ్రాన్ని కుళ్లగించడానికి పెట్టినది. తీసి కడిగి జాగ్రత్తగా పక్కన పెట్టండి. కాలువను తడిగుడ్డతో తుడవండి.

తరువాత వెంటనే నీటిని బలంగా తోయకండి. సిరింజికి సెలైన్ గొట్టం తొడిగి, గొట్టం కొనను రంధ్రంలో నాలుగైదు సెంటీమీటర్లు దించి, మొదట సిరింజి పిడిని వెనక్కి లాగండి. పేరుకున్న పిండి ముద్దను కిందికి నెడితే అది గొట్టం వంపులో మరింత బిగుసుకుంటుంది, పైకి లాగితే విడివడి వస్తుంది. రెండు మూడుసార్లు లాగి పారబోశాక, వేలు ముంచి కొద్దిసేపు ఉంచగలిగేంత గోరువెచ్చని నీటిని సిరింజితో మెల్లగా ఎక్కించండి. మరిగే నీరు పోస్తే లోపలి ప్లాస్టిక్ గోడ వంకర పోతుంది లేదా చిట్లుతుంది. ఇంకొకరిని వెనక ట్రే దగ్గర టార్చితో కూర్చోబెట్టి నీరు దిగుతోందో లేదో చెప్పమనండి.

అందరికీ వెంటనే చేతికి దొరికేది చీపురుపుల్ల. దయచేసి దానిని వాడకండి; వంపు దగ్గర విరిగి లోపలే ఉండిపోతే ఇంతకుముందు లేని కొత్త అడ్డు తయారవుతుంది. ఇనుప తీగ కూడా వద్దు, అది గొట్టాన్ని చీల్చినా, అతుకు ఊడదీసినా నీరు గోడల మధ్య ఫోమ్‌లోకి ఇంకుతుంది, దానిని బాగు చేసే మార్గం ఇంట్లో లేదు. నీరు దిగకపోతే సెలైన్ గొట్టాన్నే మెలితిప్పుతూ ఇంకొంచెం లోపలికి పంపండి, లేదా ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే పొడవాటి ప్లాస్టిక్ కేబుల్ టై వాడండి.

దారి తెరుచుకున్నాక ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచాడు వంటసోడా కలిపి కొద్దికొద్దిగా పోస్తే లోపలి జిగురు, పుల్లటి వాసన పోతాయి. యాసిడ్, బ్లీచింగ్, సింకు పూడిక తీసే పొడులు వాడవద్దు. చివరికి ట్రే ఖాళీ చేసి, కాలువలో వంద మిల్లీలీటర్ల మామూలు నీరు పోయండి. అది ఆగకుండా ధారగా ట్రేలో పడాలి. చుక్కచుక్కగా పడుతుంటే అడ్డు ఇంకా ఉంది, మళ్లీ సిరింజి అందుకోవాలి. పని ముగిశాక ప్లాస్టిక్ పుల్లను మళ్లీ రంధ్రంలో గుచ్చడం మరవకండి.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఇంకొక కారణం మన అలవాటే. ఫ్రీజర్‌లో మంచు అర సెంటీమీటరు మందం చేరగానే థర్మోస్టాట్ గుబ్బ మధ్యనున్న మీట నొక్కి కరిగించాలి. నెలల తరబడి వదిలేసి ఒక్కసారిగా కరిగిస్తే కింది చిల్లర్ ట్రే అంత నీటిని పట్టలేక కూరగాయల మీదికి వదులుతుంది. అది చెడిపోవడం కాదు. కరిగించేటప్పుడు మధ్యమధ్యలో చిల్లర్ ట్రే ఖాళీ చేస్తే చాలు.

నాలుగో అడుగు: డబుల్ డోర్ ఫ్రిజ్‌లో గడ్డకట్టిన రంధ్రం

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు కంటికి కనిపించదు కానీ ఫ్రీజర్ వెనక పలక చాటున కడుతూనే ఉంటుంది. హీటర్ కొన్ని గంటలకొకసారి దానిని కరిగిస్తుంది. రంధ్రం దగ్గర చిన్న చెత్త అడ్డుపడి నీరు నిలిస్తే, హీటర్ ఆగగానే ఆ నీరు గడ్డకడుతుంది, తరువాతి నీరు దాని మీద మరొక పొరగా చేరుతుంది. కొన్ని వారాలకు అది పలక కింది నుంచి ఫ్రీజర్ అడుగు మీదికి పాకుతుంది.

దీనికి తొందరపాటు లేని మందు ఒక్కటే: ఫ్రిజ్‌లోని పదార్థాలు పక్కింటివారికి అప్పగించి, ప్లగ్ తీసి, రెండు తలుపులూ తెరిచి కనీసం ఒక రాత్రంతా, వీలైతే 24 గంటలు వదిలేయడం. కింద దుప్పటి పరచండి, అడుగున తువ్వాళ్లు పెట్టండి. త్వరగా కావాలంటే మడిచిన గుడ్డ మీద వేడినీటి గిన్నె ఉంచి ఫ్రీజర్ తలుపు దగ్గరగా వేయవచ్చు. తడి ఉన్నచోట హెయిర్ డ్రయ్యర్ పెట్టడం మంచిది కాదు. మంచు పైకి పూర్తిగా కరిగినట్టు కనిపించినా గొట్టం లోపల ముక్క మిగిలి ఉంటుంది, చాలామంది అక్కడే ఆపేసి వారం తిరగకుండానే మళ్లీ మడుగు చూస్తారు.

అందువల్ల వారంటీ ముగిసిన ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ లోపలి వెనక పలక స్క్రూలు విప్పండి. కొన్నిటిలో అవి చిన్న మూతల కింద దాగి ఉంటాయి. పలకను లాగే ముందు ఫ్యాన్ తీగల కనెక్టర్‌ను ఫోటో తీసుకుని విడదీయండి. అల్యూమినియం రెక్కల అంచులు చేతులు కోస్తాయి, చేతి తొడుగు వేసుకోండి. అడుగున తొట్టి, దానిలో రంధ్రం కనిపిస్తాయి. గోరువెచ్చని నీటిని సిరింజితో మాటిమాటికీ పోస్తూ వెనక ట్రేలోకి ధారగా దిగేదాకా ఆగవద్దు. కొన్ని ఫ్రిజ్‌లలో గొట్టం కింది చివర రబ్బరు మూతి ఉంటుంది, లోపలికి గాలి, పురుగులు రాకుండా. దాని పెదవులు జిగురుతో అతుక్కుపోయి ఉంటే తీసి సబ్బుతో కడిగి తొడగండి. వారంటీలో ఉన్న ఫ్రిజ్‌ను మాత్రం విప్పకండి.

ఇంత చేశాక కూడా కొద్దిరోజులకే మంచు మళ్లీ కడితే హీటర్, సెన్సర్ లేదా నియంత్రణ బోర్డు పని చేయడం లేదని అర్థం. అది మెకానిక్ పని. పాత పద్ధతి ఫ్రిజ్‌లలో హీటర్‌కు కరెంటు అందించే బైమెటల్ స్విచ్ చల్లగా ఉన్నప్పుడే కలుస్తుంది, గది వేడిలో తెరుచుకుని ఉంటుంది. కాబట్టి మెకానిక్ గది వేడిలో మీటరు పెట్టి అది చెడిపోయిందంటే, మంచులో ఉంచి మరొకసారి చూడమని మర్యాదగా అడగండి.

ఐదో అడుగు: వాలు, తలుపు రబ్బరు

మన పాత ఇళ్లలో వంటింటి నేల కడిగిన నీరు పోవడానికి ఒకవైపు వాలుగా ఉంటుంది. ఆ వాలు ఫ్రిజ్ ముందువైపుకు ఉంటే కాలువలోని నీరు రంధ్రం చేరక ముందుకు వస్తుంది, తలుపు కూడా గట్టిగా పడదు. ముందు కాళ్లు తిప్పి ముందుభాగాన్ని అర సెంటీమీటరు ఎత్తండి. ప్లాస్టిక్ స్టాండ్ మీద ఉంచితే నాలుగు కాళ్లూ సమానంగా ఆనాయో లేదో చూడండి. తలుపును సగం తెరిచి వదిలితే తనంతట తాను మెల్లగా మూసుకోవాలి.

రబ్బరు పరీక్షకు పది రూపాయల నోటు చాలు. నోటును తలుపులో సగం ఉంచి మూసి లాగండి, బిగువుగా రావాలి. చుట్టూ ఎక్కడ వదులుగా వస్తే అక్కడి నుంచి తేమగాలి రాత్రింబవళ్లు లోపలికి పోతోంది. మడతల్లోని మురికిని సబ్బునీటితో, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. వంకర పోయిన చోట వేడినీటిలో పిండిన గుడ్డ కాసేపు అదిమి సరిచేయవచ్చు. చిరిగితే మార్చాలి, మోడల్ నంబరు రాసుకుని వెళితే సరైన కొలత దొరుకుతుంది.

బయటి చెమట విషయం. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్నప్పుడు 26 డిగ్రీల కంటే చల్లని ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల రోజుల్లో తలుపు అంచులు కొద్దిగా చెమర్చడం సహజం. తుడిచి, ఫ్రిజ్ చుట్టూ గాలి ఆడేలా గోడకు పది సెంటీమీటర్లు దూరం ఉంచండి. ఒకేచోట ఎప్పుడూ ధారగా కారుతుంటే అక్కడి రబ్బరును మళ్లీ పరీక్షించండి.

తలుపులోనే చల్లని నీరు, ఐసు ఇచ్చే పెద్ద ఫ్రిజ్ అయితే పైవన్నీ చూసే ముందు దాని నీటి కొళాయి కట్టేసి ఒక రోజు చూడాలి. కారడం ఆగితే తప్పు గొట్టపు అతుకులోనో ఫిల్టర్‌లోనో ఉంది; బోరు నీటి సున్నం పేరుకున్న వాల్వ్ పూర్తిగా మూసుకోక కారడం కూడా ఉంటుంది.

కరెంటు పోయి వచ్చిన తరువాతి మడుగును లోపంగా లెక్కించకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్లలోని మంచంతా ఒకేసారి కరిగి ట్రేలు పొర్లాయి. అలాంటప్పుడు తుడిచి, ట్రే ఖాళీ చేస్తే సరిపోతుంది. కానీ వరదనీరు కంప్రెసర్ దాకా ఎక్కిన ఫ్రిజ్‌ను, పైకి ఆరినట్టు కనిపించినా, మెకానిక్ తనిఖీ చేయకుండా ప్లగ్ పెట్టకూడదు.

అన్నీ సరిచేశాక ప్లగ్ పెట్టే ముందు ఫ్రిజ్‌ను నిటారుగా నిలబెట్టి, వాల్చి జరిపి ఉంటే కొన్ని గంటలు ఆగండి. లోపల 4 డిగ్రీలు చేరాక పదార్థాలు సర్దండి. పిండిగిన్నెలు, ఆకుకూరల సంచులు వెనక గోడకు తగలకుండా నాలుగు వేళ్ల దూరం ఉంచండి. కొత్త కాగితాలు నాలుగు మూలలా పరిచి మూడు రోజులు అలాగే వదలండి. వానలు మొదలైన మొదటి వారంలో మరొకసారి పరవండి, మా ఇంట్లో ఆ రంధ్రం సంగతి బయటపెట్టినది ఆ వారమే.